చెవులపిల్లి వేట, చెత్త కుప్ప, స్పీడు కార్లు: ఇంగ్లండ్ పల్లెల్లో పోలీసుల పని ఏంటి?

మన ఊళ్లో పోలీసు జీపు ఆగితే అందరి నోటా వచ్చే మొదటి మాట "ఎవరింటికొచ్చారు?" ఆ అలవాటు నాకెంతగా పట్టేసిందంటే, తూర్పు ఇంగ్లండ్‌లో మేముంటున్న చిన్న ఊళ్లో పారిష్ కౌన్సిల్ మీటింగ్‌కి మొదటిసారి వెళ్లినప్పుడు, వెనక వరసలో యూనిఫామ్ వేసుకున్న ఒకామె టీలో బిస్కెట్ ముంచుకుంటూ కనిపిస్తే టెన్షన్ వచ్చింది. ఏమైందండీ అని పక్కనున్న పెద్దాయన్ని అడిగాను. "ఏమవడమేంటి? ఆమె ఎప్పుడూ వస్తుందిగా" అన్నాడు, నా ప్రశ్నే ఆయనకు వింతగా ఉన్నట్టు.

పారిష్ కౌన్సిల్ అంటే మన పంచాయతీ లాంటిది అనుకోండి. అధికారాలూ నిధులూ మాత్రం బాగా తక్కువ. శ్మశానంలో గడ్డి కోయించడం, బస్ షెల్టర్‌కి రంగు వేయించడం, పిల్లల ఉయ్యాలలు బాగుచేయించడం దాని స్థాయి. ఆ రోజు అజెండాలో ఒక అంశం పోలీసు రిపోర్టు. ఆమె లేచి కాగితం చూసి చదివింది. ఒక షెడ్డులోంచి క్వాడ్ బైక్ పోయింది. చర్చి పక్కన ఆపిన కారు అద్దం పగిలింది. పొలాల్లో అనుమానంగా తిరుగుతున్న బండ్ల గురించి మూడు ఫోన్లు వచ్చాయి. రెండు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత జనం అందుకున్నారు. స్కూలు ముందు కార్ల స్పీడు. పొలం గట్టున ఎవరో రాత్రికి రాత్రి పడేసి పోయిన పరుపులు, ఫ్రిజ్జు. ఆపైన కుక్కల పెంట. దాని మీదే ఇరవై నిమిషాలు నడిచింది. ఆమె విసుక్కోకుండా అన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంది.

పోలీసులు చేయాల్సిన పని ఇదా అని ఆ రోజు నవ్వొచ్చింది. తర్వాత కొన్నేళ్లుగా ఆ మీటింగులకు వెళ్తూ, ఈ వ్యవస్థ గురించి చదువుకుంటూ ఉంటే నా అభిప్రాయం మారింది. ఆ నోట్‌బుక్‌లోనే అసలు పని జరుగుతోంది. డబ్బులు తక్కువైనప్పుడు మొదట కోత పడేదీ దానికే, ఎందుకంటే అందులో జరిగినదాన్ని లెక్కగట్టి పైవాళ్లకు చూపించడం కష్టం.

ఎవరీమె?

ఆమెను పీసీఎస్ఓ అంటారు, అంటే పోలీస్ కమ్యూనిటీ సపోర్ట్ ఆఫీసర్. 2002 నాటి పోలీసు సంస్కరణల చట్టంతో పుట్టిన ఉద్యోగం. జీతం పోలీసు శాఖే ఇస్తుంది, బట్టలు కూడా దూరం నుంచి చూస్తే పోలీసు బట్టలే. కానీ కానిస్టేబుల్‌కి ఉన్న అరెస్టు అధికారం ఆమెకు లేదు. కొన్ని చిన్న తప్పులకు జరిమానా చీటీ రాయగలదు, మైనర్ల చేతిలో మందు సీసా ఉంటే లాక్కోగలదు, కొన్ని సందర్భాల్లో పేరూ అడ్రసూ చెప్పమనగలదు. అంతకుమించి ఏదైనా అయితే వెనక ఉన్న కానిస్టేబుల్‌ని పిలవాలి.

ఆమె పనిచేసేది నైబర్‌హుడ్ పోలీసింగ్ టీమ్‌లో. అంటే ఇలాంటి పీసీఎస్ఓలు కొందరు, కొద్దిమంది కానిస్టేబుళ్లు, వాళ్ల మీద ఒక సార్జెంటు. వీళ్లతో పాటు స్పెషల్ కానిస్టేబుళ్లు ఉంటారు. వీళ్లు జీతం తీసుకోరు, వారంలో కొన్ని గంటలు వచ్చి పనిచేస్తారు, అయినా అరెస్టు అధికారం పూర్తిగా ఉంటుంది. జీతం తీసుకునే పీసీఎస్ఓకి లేని అధికారం జీతం లేని స్పెషల్‌కి ఉండటం ఏంటని నేను చాలాసార్లు అనుకున్నాను. ఇక్కడివాళ్లకు అది వింతగా అనిపించదు.

ఈ టీమ్‌కీ, 999 కాల్ వస్తే సైరన్ వేసుకుని పరిగెత్తే రెస్పాన్స్ టీమ్‌కీ తేడా ఉంది. రెస్పాన్స్ వాళ్లు ఘటనకు వస్తారు, అది తేలగానే ఇంకో ఘటనకు పోతారు. నైబర్‌హుడ్ వాళ్లు ఊరికి వస్తారు. జరిగినా జరగకపోయినా వస్తారు. అది కేవలం మంచితనంతో చేసేది కూడా కాదు. ప్రతి ప్రాంతంలోనూ స్థానికుల అభిప్రాయాలు తీసుకోవాలని, వాళ్లతో క్రమం తప్పకుండా మీటింగులు పెట్టాలని 2011 నాటి చట్టం పోలీసు చీఫ్ మీద బాధ్యత పెట్టింది. మా ఊరి హాల్లో టీ, బిస్కెట్ల వెనక ఒక చట్టం సెక్షన్ ఉందన్నమాట.

మళ్లీ ఎందుకు మొదలుపెట్టాల్సి వచ్చింది

"పోలీసులే ప్రజలు, ప్రజలే పోలీసులు" అన్న మాట 1829లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసును పెట్టిన రాబర్ట్ పీల్‌దని ఇక్కడ ప్రతి పోలీసు ప్రసంగంలోనూ వినిపిస్తుంది. ఆ సూత్రాల జాబితాను పీల్ స్వయంగా రాశాడనడానికి ఆధారం లేదు. ఇప్పుడు మనం చూసే రూపంలో అవి 20వ శతాబ్దపు రచనల్లో తేలినవి. అయినా ఇక్కడి పోలీసులు తమ గురించి తాము చెప్పుకునే కథ అదే.

పల్లెల్లో పూర్వం ఊరి బాబీ ఉండేవాడు. బాబీ అంటే ఇక్కడ పోలీసుకు ముద్దుపేరు. ఊళ్లోనే పోలీసు ఇల్లు, అందులోనే కాపురం, సైకిల్ మీద గస్తీ. 1856 చట్టంతో ప్రతి కౌంటీలోనూ పోలీసు దళం తప్పనిసరి అయినప్పటి నుంచి దాదాపు వందేళ్లు అలా నడిచింది. 1960ల చివర్లో కార్లు, వైర్‌లెస్ సెట్లు వచ్చాయి. ఒక కారు పది ఊళ్లను చూసుకోగలిగినప్పుడు ఊరికొక మనిషి ఎందుకన్న లెక్క మొదలైంది. పోలీసు ఇళ్లు అమ్ముడుపోయాయి. ఇప్పుడు చాలా ఊళ్లలో "ఓల్డ్ పోలీస్ హౌస్" అని బోర్డున్న అందమైన ఇల్లు ఒకటి కనిపిస్తుంది. లోపల రిటైరైన ఏ అకౌంటెంటో ఉంటాడు.

1990ల మధ్య నుంచి ఇంగ్లండ్‌లో నేరాలు తగ్గుతూ వచ్చాయి. జనం మాత్రం పెరుగుతున్నాయనే అనుకున్నారు. ఈ తేడా ఎక్కడ నుంచి వస్తోందని వెతికినవాళ్లలో మార్టిన్ ఇన్నెస్ అనే పరిశోధకుడు ఒకరు. ఆయన చెప్పింది విడమరిస్తే ఇలా ఉంటుంది: జనం భయాన్ని పోలీసు లెక్కల నుంచి తెచ్చుకోరు, కళ్లకు కనబడే కొన్ని గుర్తుల నుంచి తెచ్చుకుంటారు. పగిలిన బస్ షెల్టర్ అద్దం, రోజూ అదే మలుపులో గుమిగూడే కుర్రాళ్లు, ఎవరూ తీయని చెత్త. పక్క జిల్లాలో జరిగిన హత్య కంటే ఇవే ఎక్కువ కలవరపెట్టొచ్చు. వీటిని ఆయన సిగ్నల్ క్రైమ్స్ అన్నాడు. కాబట్టి ఆ ఊరివాళ్లను ఏది కలవరపెడుతోందో వాళ్లనే అడిగి, దాని మీద పనిచేయాలి. 2003 నుంచి 2005 వరకు 8 పోలీసు దళాల పరిధిలో 16 చోట్ల ఈ పద్ధతిని పరీక్షించారు. ఆ తర్వాత దేశమంతటికీ తీసుకొచ్చి, 2008 కల్లా ప్రతి ప్రాంతానికీ ఒక నైబర్‌హుడ్ టీమ్ ఉండేలా చేశారు.

ఇది తెలిశాక కుక్కల పెంట మీద ఇరవై నిమిషాల చర్చ నాకు వేరేగా కనిపించింది. అక్కడ మాట్లాడిన ముసలామె నిజానికి చెప్పింది, సాయంత్రం ఆ దారిలో నడవాలంటే తనకు ఇష్టం పోయిందని.

ఒక వేట కథ

పట్నం పద్ధతి పల్లెలో ఎక్కడ సరిపోదో, ఎక్కడ పనికొస్తుందో రెండూ చూపించే ఉదాహరణ హేర్ కోర్సింగ్. హేర్ అంటే చెవులపిల్లి. ఇళ్లలో పెంచుకునే కుందేలు కాదు, బొరియ తవ్వకుండా పొలంలోనే బతికే పెద్ద చెవుల జాతి. ఆగస్టు, సెప్టెంబర్‌లలో కోతలయ్యాక లింకన్‌షైర్, కేంబ్రిడ్జ్‌షైర్, నార్ఫోక్ వైపు నేల కనుచూపు మేర బోడిగా ఉంటుంది. అప్పుడు ఎక్కడెక్కడి నుంచో జీపుల్లాంటి బండ్లలో మనుషులు వచ్చి, గ్రేహౌండ్, లర్చర్ కుక్కల్ని చెవులపిల్లి మీదకు వదిలి, ఏ కుక్క గెలుస్తుందా అని పందెం కాస్తారు. మన కోడిపందేలకు ఇది దాయాది. తేడా ఏంటంటే పందెం బరి వేరేవాళ్ల పొలం. ఫోన్లో వీడియో చూపించి దూరంగా ఉన్నవాళ్లతో కూడా డబ్బులు కాయిస్తారు. కొత్తగా విత్తిన గోధుమ చేను మీద బండ్లు తొక్కిస్తారు. రైతు అడ్డం వెళ్తే బెదిరిస్తారు, ఒక్కోసారి కొడతారు. ఒంటరిగా ఉన్న ఇంట్లో, వెయ్యి ఎకరాల మధ్య, చుట్టూ ఎండుగడ్డి మోపులు పెట్టుకుని ఉన్న మనిషికి "నీ ఇల్లు మాకు తెలుసు" అన్న మాట చాలు.

కుక్కలతో వేటాడటాన్ని 2004 చట్టం నిషేధించింది. కానీ కోర్టులో చాలాకాలం వాడింది 1831 నాటి గేమ్ చట్టాన్ని. గేమ్ అంటే ఇక్కడ వేట జంతువులు. పందెంలో వేలు చేతులు మారేచోట కోర్టులో పడే జరిమానా వందల్లో ఉంటే ఎవరికి లెక్క? ఇంకో చిక్కు కుక్కలు. వేటగాడికి అసలు విలువైనది కుక్క. దాన్ని స్వాధీనం చేసుకుంటే వాడికి దెబ్బ తగులుతుంది. కానీ కేసు తేలేదాకా నెలల తరబడి ఆ కుక్కను మేపే ఖర్చు పోలీసులదే. దాంతో పట్టుకోవడానికే వెనకాడేవాళ్లు.

ఈ సంగతి లండన్‌లో కూర్చున్నవాళ్లకు తోచేది కాదు. రైతులు, వాళ్లతో రోజూ మాట్లాడే పోలీసులు ఏళ్ల తరబడి చెప్పగా చెప్పగా 2022 చట్టంలో మార్పు వచ్చింది. పరిమితి లేని జరిమానా, ఆరు నెలల వరకు జైలు, కుక్కను పెంచుకోకుండా నిషేధం. దాంతో పాటు కుక్కను మేపిన ఖర్చు కూడా దోషి నుంచే రాబట్టమని కోర్టు ఆదేశించొచ్చు. చిన్న వాక్యమే, కానీ పనిచేసే వాక్యం.

చట్టం మారినా పొలంలో పట్టుకోవాలి కదా. లింకన్‌షైర్‌లో ఆపరేషన్ గెలీలియో పేరుతో దీనికోసమే ప్రత్యేకంగా పనిచేస్తారు. ఆ కౌంటీ పోలీసు పరిధి దాదాపు 5,900 చదరపు కిలోమీటర్లు, మన ఉమ్మడి గుంటూరు జిల్లాలో సగానికి పైన. అంత నేల మీద గస్తీ తిరిగి పట్టుకోవడం కలలో మాట. పట్టించేది రైతులే. ఏ గేటు దగ్గర ఏ బండి ఆగింది, నంబరు ప్లేటేంటి, ఎటు పోయింది, ఇవన్నీ వాట్సాప్ గ్రూపుల్లో నిమిషాల్లో తిరుగుతాయి. పొలానికి అడ్రసు ఉండదు కాబట్టి వాట్‌త్రీవర్డ్స్ అనే యాప్‌లో మూడు పదాలు చూసి చెబుతారు. ప్రపంచాన్ని మూడు మీటర్ల గళ్లుగా విడగొట్టి ప్రతి గడికీ మూడు ఇంగ్లీషు పదాల పేరు పెట్టిన యాప్ అది. మొదటి మీటింగులో నా పక్కన కూర్చున్న ఆ పెద్దాయన ఒకసారి పొలంలో నిలబడి ఆ మూడు పదాలు ఫోన్లో అరిచి చెబుతుంటే, మతి పోయిందేమో అనుకున్నాను.

నైబర్‌హుడ్ ఆఫీసర్ పని ఇంకాస్త ముందే మొదలవుతుంది. కోతలకు ముందే పొలాలకు వచ్చి, ఏ దారిలో బండి లోపలికి రాగలదో చూసి, అక్కడ గుంట తవ్వమనో, కాంక్రీటు దిమ్మ వేయమనో, పాత చెట్టు మొద్దు అడ్డం పెట్టమనో చెబుతుంది. పట్టుకున్నట్టు రికార్డు ఉండదు. వాళ్లు రాలేదు, అంతే. రానివాళ్లను ఏ రిజిస్టరులో రాస్తారు?

ఇది మా పని కాదు

ఈ వ్యవస్థలో సామాన్యుడు తికమకపడేది ఎవరు దేనికి బాధ్యులో తెలియక. చెత్తనే తీసుకోండి. రోడ్డు పక్కన దొంగచాటుగా చెత్త పారబోస్తే చూడాల్సింది పోలీసులు కాదు, స్థానిక కౌన్సిల్. పెద్ద ఎత్తున, ప్రమాదకరమైన చెత్త అయితే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ. అదే చెత్త గట్టు దాటి రైతు పొలంలో పడిందా, తీయించే ఖర్చు రైతుదే. కోపంతో దాన్ని మళ్లీ రోడ్డు మీదకు తోశాడా, ఇప్పుడు చెత్త పారబోసినవాడు ఆయనే అవుతాడు. ఇది మొదటిసారి విన్నప్పుడు మీటింగులో ఎవరో జోక్ చేస్తున్నారనుకున్నాను.

స్పీడు విషయం ఇంకోలా ఉంటుంది. కమ్యూనిటీ స్పీడ్ వాచ్ అని ఊరివాళ్లే మెరిసే జాకెట్లు వేసుకుని, పోలీసుల దగ్గర శిక్షణ తీసుకుని, స్పీడు కొలిచే పరికరంతో రోడ్డు పక్కన నిలబడతారు. జరిమానా ఉండదు. హద్దు దాటిన బండి యజమానికి పోలీసుల నుంచి ఉత్తరం వెళ్తుంది. మళ్లీ మళ్లీ దొరికితే పోలీసులు ఇంటికి వెళ్లి మాట్లాడతారు. మా ఊళ్లో దీని ఫలితం ఒక ఇబ్బందికర నిజం బయటపడటం. స్పీడు మీద మీటింగులో ఎక్కువగా అరిచినవాళ్ల బండ్లు కూడా ఆ లిస్టులో ఉన్నాయి. పక్క పట్నం నుంచి వచ్చే కుర్రాళ్ల మీద పెట్టిన నేరం సగం మనదేనని తెలిశాక ఆ అంశం అజెండాలో కొంచెం కిందికి జారింది.

నైబర్‌హుడ్ టీమ్ ఇక్కడ చేసేది ఎక్కువగా దారి చూపడం. ఇది కౌన్సిల్‌కి చెప్పండి, ఇది హైవే వాళ్లది, ఇది మాది. అధికారం లేని పీసీఎస్ఓకి ఉన్న ఒక బలం ఏంటంటే, ఆమె ఫోన్ చేస్తే కౌన్సిల్‌లో ఎవరో ఒకరు తీస్తారు. మనం చేస్తే పాట వినిపిస్తుంది.

ట్రాక్టర్ల మీద ఉండే జీపీఎస్ పరికరాల దొంగతనం మాత్రం ఈ టీముల చేతికి అందేది కాదు. ఒక్కోటి వేల పౌండ్లు చేస్తుంది. ముఠాలు ఒకే రాత్రి నాలుగైదు పొలాల్లో ఊడదీసి విదేశాలకు పంపించేస్తాయి. రైతుల ఇన్సూరెన్స్ సంస్థ ఎన్ఎఫ్‌యూ మ్యూచువల్ అంచనా ప్రకారం 2023లో దేశం మొత్తం మీద పల్లె నేరాల ఖర్చు 5.28 కోట్ల పౌండ్లు. 2024లో అది 4.41 కోట్లకు తగ్గింది. ఈ తగ్గుదలలో, జిల్లాలు దాటి ముఠాల వెంట పడే ప్రత్యేక గ్రామీణ నేరాల టీములకు పాత్ర ఉంది. ఊరి ఆఫీసర్ చేయగలిగింది పరికరానికి పిన్ నంబరు పెట్టుకోమని, గుర్తులు వేయించుకోమని చెప్పడం.

చెప్పరు కాబట్టి లేదు

101 అనేది అత్యవసరం కాని విషయాలకు పోలీసు నంబరు. అందులో ఎంతసేపు ఆగాలన్నది ఇక్కడ ప్రతి పల్లెలోనూ కబుర్లకు పనికొచ్చే విషయం. మా పెద్దాయన షెడ్డులోంచి డీజిల్ పోయింది. ఫోన్ పట్టుకుని ఆగి ఆగి పెట్టేశాడు. "ఏం లాభం, వాళ్లొచ్చేసరికి దొంగ మనవళ్లను ఎత్తుకుంటాడు" అన్నాడు. కేసు లేదు. కేసు లేదు కాబట్టి ఆ నెల మా ఊళ్లో దొంగతనాల లెక్క సున్నా. సున్నా చూసిన పై అధికారి ఉన్న కొద్దిమందినీ పట్నానికి పంపుతాడు, అక్కడ ఫోన్లు ఎక్కువ కాబట్టి. మనిషి కనబడకపోయేసరికి ఊరివాళ్లు ఇంకా తక్కువ చెబుతారు. ఈ గానుగ తిరుగుతూనే ఉంటుంది.

ఆ నమ్మకం పూర్తిగా పోతే ఏమవుతుందో 1999 ఆగస్టులో నార్ఫోక్‌లో దేశమంతా చూసింది. టోనీ మార్టిన్ అనే రైతు తన ఇంట్లో దొంగతనానికి దూరిన ఇద్దరి మీద కాల్పులు జరిపాడు. ఒకడు చనిపోయాడు, వయసు 16. తనకు ఇంతకుముందు కూడా దొంగతనాలు జరిగాయని, పోలీసుల వల్ల ఏమీ కాలేదని మార్టిన్ వాదన. 2000లో హత్యకు యావజ్జీవం పడింది. 2001లో అప్పీలు కోర్టు దాన్ని అంతకంటే తక్కువ నేరంగా మార్చింది, 2003లో విడుదలయ్యాడు. ఆయన చేసింది తప్పని కోర్టు తేల్చినా, పల్లెల్లో చాలామంది ఆయన పక్షాన నిలబడ్డారు. ఇప్పటికీ మా పబ్బులో ఆ పేరెత్తితే గొంతులు పెరుగుతాయి.

మీటింగ్‌కి రానివాళ్లు

ఇక్కడ నాకు ఈ పద్ధతి మీద అసలు అనుమానం. ఊరి సమస్యలు ఊరినే అడగాలి, సరే. ఊరంటే ఎవరు? మా హాల్లో కూర్చునేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు, సొంత ఇళ్లున్నవాళ్లు, తెల్లవాళ్లు. ఊరి చివర కూరగాయలు ప్యాక్ చేసే షెడ్డులో పనిచేసే రొమేనియా, లిథువేనియా కుర్రాళ్లు ఒక్కరూ రారు. వాళ్ల షిఫ్టు తెల్లవారుజామున మొదలవుతుంది, ఇంగ్లీషు అంతంత మాత్రం, పోలీసు అంటే వాళ్ల దేశంలో వేరే అర్థం. అది నాకు ఎవరూ వివరించక్కర్లేదు. వాళ్లు మీటింగులో ఉన్నది ఫిర్యాదు రూపంలోనే, రాత్రిపూట కార్లలో పాటలు పెడుతున్నారని. వాళ్ల జీతం కోసేస్తున్న కాంట్రాక్టరు గురించి, ఒకే గదిలో ఎనిమిది మందిని పడుకోబెడుతున్న ఇంటి ఓనరు గురించి చెప్పడానికి ఎవరూ లేరు.

2004 ఫిబ్రవరిలో మోర్‌కామ్ బే తీరంలో గవ్వలు ఏరడానికి వెళ్లిన చైనా కూలీలు పోటు నీళ్లలో చిక్కుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే కూలీ మేస్త్రీలకు లైసెన్సు తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. అలాంటి పరిస్థితిని ముందే పసిగట్టగలిగేది ఎవరైనా ఉంటే ఆ ఊళ్లో రోజూ తిరిగే ఆఫీసరే. ఒకే ఇంటి ముందు పొద్దున్నే ఆగే వ్యాను, అందులో ఎక్కే మనుషుల మొహాలు ఆమెకే కనబడతాయి. కానీ అందుకు హాల్లోంచి బయటికి రావాలి, షిఫ్టు వేళకి షెడ్డు గేటు దగ్గర నిలబడాలి.

ఇంట్లో హింస సంగతి ఇంకా లోతు. నేషనల్ రూరల్ క్రైమ్ నెట్‌వర్క్ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం, బాగా మారుమూల పల్లెల్లో ఆడవాళ్లు ఈ హింసలోంచి బయటపడటానికి సగటున 25 శాతం ఎక్కువ కాలం పడుతోంది. బస్సు లేదు, పక్కిల్లు కిలోమీటరు దూరం, డాక్టరు దగ్గరికి వెళ్లినా భర్త స్నేహితురాలు రిసెప్షన్‌లో ఉంటుంది. తెలిసిన ముఖం కావాలని ఇంతసేపు నేను చెబుతున్నాను. ఇలాంటి ఇంట్లో తెలిసిన ముఖమే అడ్డు కావొచ్చు. ఊరి ఆఫీసర్‌తో ఆమె భర్త వారం వారం నవ్వుతూ మాట్లాడతాడు, ఊరి పండగలో ఇద్దరూ ఒకే స్టాల్ దగ్గర నిలబడతారు. ఆమె ఎవరితో చెప్పుకోవాలి? అలాంటప్పుడు ఊరికి సంబంధం లేని నంబరు, ఊరికి సంబంధం లేని మనిషి కావాలి. పల్లెల్లో పనిచేసినవాళ్లకు ఇది బాగా తెలుసు. ప్రభుత్వ ప్రకటనల్లో మాత్రం తక్కువగా వినిపిస్తుంది.

లెక్కలు, హామీలు

2010లో ఇంగ్లండ్, వేల్స్‌లలో పీసీఎస్ఓలు దాదాపు 16,900 మంది. 2024 వచ్చేసరికి 8,000 లోపే. మధ్యలో పొదుపు పేరుతో పోలీసుల సంఖ్య కూడా 20,000 దాకా తగ్గింది, తర్వాతి ప్రభుత్వం మళ్లీ అంతమందిని తీసుకున్నామని చెప్పింది. పీసీఎస్ఓల సంఖ్య మాత్రం తిరిగి లేవలేదు. మిగిలిన నైబర్‌హుడ్ కానిస్టేబుళ్లను కూడా తరచూ వేరే పనికి లాగేసుకుంటారు. పట్నంలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందనో, ఎవరో సెలవు పెట్టారనో. "ఈ నెల రాలేకపోతున్నాను, క్షమించండి" అన్న ఈమెయిల్ చదివి వినిపించడం మా మీటింగులో ఒక ఆనవాయితీ అయిపోయింది.

2024లో వచ్చిన లేబర్ ప్రభుత్వం 2029 కల్లా 13,000 మందిని నైబర్‌హుడ్ పనిలో పెడతామంది. ఆ లెక్కలో పీసీఎస్ఓలు ఉన్నారు, జీతం లేని స్పెషల్స్ ఉన్నారు, ఇప్పటికే పోలీసులో ఉండి ఇటు మారేవాళ్లూ ఉన్నారు. ప్రతి ప్రాంతానికీ పేరూ ఫోన్ నంబరూ తెలిసిన ఆఫీసర్ ఉండాలని, ఊరివాళ్లు అడిగినదానికి 72 గంటల్లో జవాబు ఇవ్వాలని కూడా 2025లో చెప్పారు. నాకు ఇందులో నచ్చింది ఆ 72 గంటల మాట. నచ్చనిది, గస్తీ హామీ మొత్తం శుక్ర, శని రాత్రుల్లో పట్నం నడిబొడ్డు చుట్టూ అల్లుకుని ఉండటం. మా ఊళ్లో రద్దీ వేళ సెప్టెంబర్‌లో తెల్లవారుజాము.

వీళ్లను ఎవరు అడగాలన్నది కూడా ఇప్పుడు కదులుతోంది. 2012 నవంబర్ నుంచి, లండన్ లాంటి కొన్నిచోట్ల తప్ప, ఒక్కో పోలీసు దళానికీ జనం ఓటుతో ఒక కమిషనర్‌ని ఎన్నుకుంటున్నారు. మన కమిషనర్ లాంటి పోలీసు అధికారి కాదు, బడ్జెట్, ప్రాధాన్యాలు నిర్ణయించే రాజకీయ నాయకుడు. మొదటి ఎన్నికల్లో ఓటేసింది 15 శాతం. 2028 మే తర్వాత ఈ పదవి ఉండదని 2025 నవంబర్‌లో ప్రభుత్వం ప్రకటించింది. మా మీటింగులో ఆ వార్తకు ఎవరూ తలెత్తలేదు. మా కమిషనర్ పేరేంటో తెలిసినవాళ్లు ముగ్గురే ఉన్నారు.

మనకి ఇచ్చింది వేరే

ఈ మీటింగులో కూర్చున్నప్పుడల్లా నాకు ఒక చికాకు ఉంటుంది. ఇదే దేశం మనకు ఇచ్చిన పోలీసు వేరు. తమకు పీల్ నమూనా ఉంచుకున్నవాళ్లు, వలస దేశాలకు ఐర్లాండ్‌ను అణచడానికి పెట్టుకున్న సాయుధ కాన్‌స్టాబ్యులరీ నమూనా పంపారు. 1843లో సింధ్‌లో బ్రిటిష్ సేనాని నేపియర్ దాన్ని మొదలుపెట్టాడు. మద్రాసు పోలీసు చట్టం 1859లో, దేశమంతటి పోలీసు చట్టం 1857 తిరుగుబాటు అయిన నాలుగేళ్లకు 1861లో వచ్చాయి. అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీలో 1816 రెగ్యులేషన్ ఊరి మునసబుకీ తలారికీ పోలీసు పని అప్పగించింది. తలారి ఊరివాడే, ఎవరి పశువు ఎవరి చేలో పడిందో తెలిసినవాడు. ఆ పద్ధతిని అందంగా చూపించడం నా ఉద్దేశం కాదు, అందులో కులం ఉంది, వెట్టి ఉంది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం పదవులు తీసేసినప్పుడు చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలతో పాటు మహిళా సంరక్షణ కార్యదర్శులు వచ్చారు, 2021లో వాళ్లనే మహిళా పోలీసులన్నారు, ఆ పేరు మీద వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. అక్కడ లేచిన ప్రశ్న ఇక్కడ 2002లో పీసీఎస్ఓల మీద లేచిన ప్రశ్నకు దగ్గరి చుట్టమే: పోలీసు పరీక్ష, శిక్షణ లేకుండా పోలీసు బట్టలు వేయొచ్చా? ఇక్కడ దానికి దొరికిన సమాధానం, ఏ అధికారం ఉందో ఏది లేదో చట్టంలో వరసగా రాసి పెట్టడం. అది సరిపోయిందా అంటే, ఇరవై ఏళ్ల తర్వాత కూడా మా పెద్దాయన ఆమెను "ఆఫీసర్" అనే పిలుస్తాడు, ఆమె దిద్దడం మానేసింది.

పోయిన వేసవిలో ఆమెకు వేరే చోటికి బదిలీ అయింది. కొత్తాయన వచ్చాడు, కుర్రాడు, మర్యాదస్తుడు. మీటింగులో తన నంబరున్న కార్డులు పంచాడు, నోటీసు బోర్డులో పాత కాగితం మీదే కొత్తది అతికించాడు. తర్వాత నెలలో పొలంలోకి ఏదో తెల్ల వ్యాను వచ్చిందని పెద్దాయన ఫోన్ తీశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన నొక్కింది ఆమె నంబరే. అవతల ఆమె ఎత్తింది కూడా. ఇప్పుడు తను చూసేది ఇక్కడికి నలభై మైళ్ల దూరంలో ఉన్న ఊళ్లనని చెప్పింది. చెప్పి, "ఏ గేటు దగ్గర?" అని అడిగింది.